వీధుల్లో పడుకునేవారి దగ్గరకు వెళ్లినప్పుడు వాక్యం ముందా, పొట్లం ముందా?

ప్రశ్న (శనివారపు బృందం నుంచి)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా సంఘంలోని యౌవనస్థులం ఏడుగురం రెండేళ్లుగా ప్రతి శనివారం రాత్రి వంతెనల కిందా, మూసిన దుకాణాల అరుగుల మీదా పడుకునేవారి దగ్గరకు భోజనం పొట్లాలు, దుప్పట్లు తీసుకొని వెళ్తున్నాం. సంఘ పెద్దలు మాకు ఏర్పరచిన పద్ధతి ప్రకారం మొదట ఒక పాట, తర్వాత పది నిమిషాల వాక్యం (బైబిలు ప్రసంగం), ఆపైన ప్రార్థన, చివరగా పొట్లం, దానితోపాటు ఒక కరపత్రం. ఖర్చంతా సంఘ కానుకలలోనుంచే వస్తుంది కాబట్టి ఎంతమందికి సువార్త అందిందో ఫోటోలతో సహా నెలనెలా నివేదిక కూడా ఇవ్వాలి.

గత నెలలో జరిగిన ఒక సంగతి నన్ను వదలడం లేదు. అరవై దాటిన ఒకాయన పొట్లాలున్న సంచి మీదనుంచి చూపు తిప్పకుండా కూర్చొని, నేను ప్రార్థన చేస్తున్నంతసేపూ ప్రతి మాట చివరా గట్టిగా "ఆమేన్" అంటూ వచ్చారు. మొదట నాకు సంతోషం కలిగింది. ఆయన ప్రార్థనతో ఏకీభవించడం లేదనీ, దాన్ని త్వరగా ముగించమంటున్నారనీ నాలుగో ఆమేన్‌కు గానీ నాకు తట్టలేదు. మా బృందంలో చిన్నవాడొకడు నవ్వాపుకోలేకపోయాడు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొట్లం ముందిస్తే తిని లేచి వెళ్లిపోతారు, వినేవారెవరూ మిగలరు అని పెద్దలు అంటున్నారు. అది అబద్ధమని నేను చెప్పలేను. అలాగని వాక్యం పూర్తిగా మానేస్తే మేము చేసేది సువార్త పరిచర్య ఎలా అవుతుందో కూడా నాకు అర్థం కావడం లేదు. ఈ పరిచర్యలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (విశ్రాంత సంఘ కాపరి)

తమ్ముడూ, ఆ పెద్దాయన నీకు చేసిన ఉపకారం చిన్నది కాదు. మన ప్రార్థన ఎదుటివాడికి ఎలా వినబడుతుందో ముఖం మీద చెప్పేవాళ్లు మనకు సాధారణంగా దొరకరు.

రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయం ఒకసారి తీరిగ్గా చదువు. ప్రాణం మీద విసిగిపోయి, ఇక చాలు, నన్ను తీసుకొమ్మని దేవుణ్ని అడిగి, బదరీవృక్షం కింద పడి నిద్రపోయిన ఏలీయా ప్రవక్త ఆ రాత్రికి ఇల్లూ వాకిలీ లేని మనిషే. దూత వచ్చి అతన్ని తట్టి లేపి, లేచి భోజనం చేయమన్నాడు. అతడు తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. అప్పుడైనా దూత అతన్ని కూర్చోబెట్టి వాక్యం చెప్పలేదు. రెండోసారి తట్టి మళ్లీ భోజనమే పెట్టి, ముందున్న ప్రయాణం నీ శక్తికి మించినదని మాత్రమే చెప్పాడు. నలభై పగళ్లూ నలభై రాత్రులూ నడిచి హోరేబు కొండ చేరిన తర్వాత గానీ దేవుని స్వరం అతనికి వినబడలేదు. మన పెద్దలెవరైనా అక్కడ ఉండి ఉంటే, తిన్నవాడు మళ్లీ పడుకున్నాడు, కార్యక్రమం విఫలమైంది అని నివేదికలో రాసి ఉండేవారు.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. 1994లో రెడ్ క్రాస్ ఉద్యమమూ సహాయ సంస్థలూ కలిసి విపత్తు సహాయానికి ఒక ప్రవర్తనా నియమావళి రాసుకున్నప్పుడు, సహాయాన్ని ఏ రాజకీయ, మత దృక్పథాన్ని ముందుకు నెట్టడానికీ వాడకూడదని అందులో చేర్చారు. దానికి పూనుకున్న సంస్థలలో కేథలిక్కుల సహాయ సంస్థ కారితాస్, లూథరన్ ప్రపంచ సమాఖ్య, ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి కూడా ఉన్నాయి. 2011లో ఆ మండలీ, కేథలిక్కుల మతాంతర సంభాషణ విభాగమూ, ప్రపంచ ఇవాంజెలికల్ కూటమీ కలిసి క్రైస్తవ సాక్ష్యం గురించి ఒక పత్రం ప్రకటించాయి. సాధారణంగా ఒకే బల్ల దగ్గర కనబడని ఈ ముగ్గురూ, పేదరికాన్నీ అవసరాన్నీ ఆసరాగా చేసుకొని మనుషులను ఆకర్షించడానికి సువార్త పనిలో చోటు లేదని ఒక్క మాటగా చెప్పారు.

కాబట్టి పొట్లం ముందివ్వు, ఏ షరతూ లేకుండా ఇవ్వు. అలాగని నీవెవరివో దాచిపెట్టనక్కర్లేదు. ఎందుకు వస్తున్నారని అడిగినవాడికి యేసు పేరు చెప్పడానికి సిగ్గుపడవద్దు.

జవాబు 2 (ఒక సంఘ పెద్ద)

అయ్యగారికి వందనాలు. మీ మాట మీద గౌరవం ఉంచుతూనే కొంత విభేదిస్తున్నాను. పెద్దలందరూ లెక్కల కోసమే ఆరాటపడతారన్నట్టుగా ఈ చర్చ సాగడం న్యాయం కాదు.

మీరు ఏలీయాను చూపించారు, నేను మార్కు సువార్త 6వ అధ్యాయం చూపిస్తాను. కాపరిలేని గొర్రెల్లా ఉన్న జనసమూహాన్ని చూసి ప్రభువు కనికరపడి, మొదట చేసిన పని వారికి అనేక సంగతులు బోధించడమే. చాలా ప్రొద్దుపోయిన తర్వాతే రొట్టెలూ చేపలూ వచ్చాయి. ఆకలి తీర్చడానికి ఎన్నో సంస్థలున్నాయి, ప్రభుత్వాలున్నాయి. సంఘం కూడా పొట్లం ఇచ్చి నోరు మూసుకొని వచ్చేస్తే, మనిషికి కడుపు తప్ప మరేమీ లేదని మనమూ ఒప్పుకున్నట్టే అవుతుంది.

చరిత్ర కూడా చూడండి. 1872లో న్యూయార్క్‌లోని వాటర్ వీధిలో నిరాశ్రయుల కోసం మిషన్ తెరిచిన జెర్రీ మెకాలే ఒకప్పుడు నది మీద దొంగతనాలు చేసినవాడు, సింగ్ సింగ్ జైలులో శిక్ష అనుభవించినవాడు. అతన్ని మార్చింది పొట్లం కాదు, జైలులో విన్న సాక్ష్యం. 1865లో లండన్ తూర్పు పేటల్లో విలియం బూత్ మొదలుపెట్టిన పని, తర్వాత సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ అయినది, అదీ వీధి మూలల్లో ప్రసంగంతోనే మొదలైంది. ఎవరూ వినరన్న భయంతో వాళ్లు మాట్లాడకుండా ఉండి ఉంటే, ఈరోజు మనం ఈ చర్చ చేసేవాళ్లమే కాదు.

జవాబు 3 (విశ్రాంత కాపరి)

అన్నా, మార్కు 6వ అధ్యాయం మీరు సరిగానే చూపించారు, ఆ వరుసను నేను కాదనను. అయితే ఒక్క తేడా గమనించండి. ఆ జనం పట్టణాల నుంచి కాలినడకన పరుగెత్తి, ఆయన కంటే ముందే అక్కడికి చేరుకున్నవారు. వాళ్లే వినడానికి వచ్చారు. మనం మాత్రం పడుకున్నవాడి చోటికి పిలవకుండా వెళ్తున్నాం. మన మందిరానికి వచ్చినవాడికి గంటసేపు వాక్యం చెప్పండి, ఎవరూ తప్పుపట్టరు.

బూత్ గురించి కూడా సగమే చెప్పారు. పాతికేళ్లు వీధుల్లో ప్రకటించిన తర్వాత 1890లో ఆయనే రాసిన పుస్తకంలో బండి గుర్రం పోలిక ఉంది. లండన్ వీధిలో బండి గుర్రం పడిపోతే, అది ఎందుకు పడిందో విచారించకుండా ముందు లేపి నిలబెడతారు. బతికినన్నాళ్లూ దానికి తిండీ, కొట్టమూ, పనీ ఉంటాయి. మనిషికి కనీసం ఆ గుర్రానికున్న పాటి హక్కైనా ఉండాలన్నది ఆయన వాదన. మరుసటి ఏడాది ఆయన అగ్గిపెట్టెల కర్మాగారం కూడా పెట్టించాడు. అప్పట్లో పసుపు భాస్వరంతో పనిచేసే కార్మికుల దవడ ఎముకలు కుళ్లిపోయేవి. ఆయన ఎర్ర భాస్వరం వాడించి, కూలి కూడా ఎక్కువిచ్చాడు. ప్రసంగీకుడు అగ్గిపుల్లల వ్యాపారంలోకి ఎందుకు దిగాడంటే, తన ప్రసంగం విన్నవాడు తెల్లవారి ఏ పనికి వెళ్తున్నాడో ఆయనకు తెలుసు కాబట్టి.

జవాబు 4 (నర్సు, వీధి పరిచర్యలో పదకొండేళ్లు)

బ్రదర్, ముందు ఏది, వెనుక ఏది అన్న ప్రశ్న నాకు అంత పెద్దదిగా కనిపించదు. మీరు ఏడుగురూ నిలబడి, వాళ్లు నేలమీద కూర్చొని ఉన్నారా అన్నది నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. ముందు కూర్చోండి. ఒక్కొక్కరి దగ్గరకు ఇద్దరికి మించి వెళ్లకండి. నిద్రపోతున్నవారిని లేపకండి. బయట పడుకునేవారికి రాత్రి నిద్ర ఎంత కష్టంమీద పడుతుందో మనకు తెలియదు, పొట్లం తల దగ్గర పెట్టి వచ్చేయండి.

ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో నాకు ఎంతో ఇష్టమైన ఒక కట్టడ ఉంది. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం అప్పు తీసుకున్నవాడి ఇంట్లోకి వెళ్లకూడదు, బయట నిలబడాలి, అతడే దాన్ని తెచ్చి ఇవ్వాలి. అతడు బీదవాడై, తాకట్టు పెట్టినది కప్పుకొనే వస్త్రమైతే, దాన్ని ప్రొద్దు గుంకేలోగా తిరిగి ఇచ్చేయాలి, ఎందుకంటే అతడు అది కప్పుకొనే పడుకోవాలి. నేలమీద పరిచిన గోనెపట్టా ఎంతవరకు ఉంటే అంతవరకు ఆ మనిషి ఇల్లు. చెప్పులతో దాన్ని తొక్కుకుంటూ వెళ్లి సంచులు జరిపి మీరు కూర్చుంటే, ఎంత మంచి వాక్యం చెప్పినా వాళ్లకు గుర్తుండేది ఆ చెప్పులే. కూర్చోవచ్చా అని అడగండి. వద్దంటే సరేనని లేచి రండి.

పాదాలు చూడటం అలవాటు చేసుకోండి. రోజుల తరబడి తడిసిన బూట్లలోనే ఉన్న పాదం తెల్లబడి, ముడతలు పడి, మొద్దుబారి ఉంటుంది. మధుమేహం ఉన్నవారికైతే గాయమైనా నొప్పి తెలియదు, చీము పట్టేవరకు చూసుకోరు. పొట్లంతోపాటు ఒక జత పొడి మేజోళ్లు ఇవ్వండి, కరపత్రం కంటే అవి ఎక్కువ మాట్లాడతాయి (పెద్దలు క్షమించాలి). అయిదు రోజులకు పైగా దాదాపు ఏమీ తినని మనిషికి ఒకేసారి కడుపునిండా పెట్టడం రక్తంలోని లవణాలను తారుమారు చేసి ప్రాణం మీదికి తేవచ్చు, అటువంటివారిని వెంటనే ఆసుపత్రికి చేర్చే దారి చూడండి.

ఇంకొక్క మాట, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. ప్రార్థన చేశాం, ఈ రాత్రితో తాగుడు మానేస్తానని ఒట్టు పెట్టుకో అని ఎవరినీ ఒత్తిడి చేయకండి. ఏళ్ల తరబడి రోజూ తాగిన శరీరానికి మద్యం హఠాత్తుగా ఆగితే మొదటి రెండు రోజుల్లోనే మూర్ఛలు రావచ్చు, ఆ తర్వాత మతి చెదిరి, లేనివి కనిపించి, ఒక్కోసారి ప్రాణమే పోవచ్చు. మానాలనుకునేవారిని వైద్యుడి దగ్గరకు తోడుగా తీసుకువెళ్లండి. మీ ప్రార్థన ఆసుపత్రి వరండాలో కూడా వినబడుతుంది.

జవాబు 5 (ఒకప్పుడు బయట పడుకున్నవాడు)

నేను పద్నాలుగు నెలలు బయట పడుకున్నాను. ఇప్పుడు నాకు గది ఉంది, పని ఉంది, ఆదివారం మందిరానికి కూడా వెళ్తున్నాను. కాబట్టి నా మాటను ఏ పక్షానికీ సాక్ష్యంగా వాడుకోవద్దని మనవి.

పాటలు పాడేవాళ్ల మీద మాకు కోపం ఉండేది కాదు, పాట బాగుంటే వినేవాళ్లం కూడా. మేము భరించలేకపోయింది ఫోటో. పొట్లం చేతికిస్తూనే, ఒక్కసారి ఇటు చూడండి అనేవారు. ఆ రోజుల్లో నా చెల్లెలికి నేను వేరే ఊరిలో పనిలో ఉన్నానని ఫోనులో చెప్పుకుంటూ వచ్చాను. ఆ ఫోటో ఎక్కడ పెడతారో, ఎవరు చూస్తారో అన్న భయంతో, ఆకలిగా ఉన్నా రెండు మూడుసార్లు గోడ వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

ఒక ముసలావిడ మాత్రం ఏ బృందంతోనూ కాక ఒక్కర్తే వచ్చేది. మొదటిసారి నా పేరు అడిగింది, రెండోసారి పేరు పెట్టి పిలిచింది. నాలుగు నెలల తర్వాత, అమ్మా, మీరు ఏ గుడికి వెళ్తారు అని నేనే అడిగాను.

ప్రశ్న అడిగిన సభ్యుడు మళ్లీ

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులన్నీ ముద్రించి పెద్దల కూటంలో చదివి వినిపించాను, రెండో జవాబు కూడా వదలలేదు. గంటన్నర వాదన తర్వాత మూడు నెలలపాటు పద్ధతి మార్చి చూడటానికి ఒప్పుకున్నారు. పొట్లం ముందు ఇస్తాం. తిన్న తర్వాత ఉండదలచినవారితో కూర్చొని పాడుకుంటాం, ప్రార్థన కావాలా అని ఒక్కొక్కరినీ విడిగా అడుగుతాం. కరపత్రాలు సంచిలోనే ఉంటాయి, అడిగినవారికి ఇస్తాం. ఇప్పటికి నాలుగు శనివారాలు గడిచాయి. మా పెద్దలు భయపడినట్టే చాలామంది తిని వెళ్లిపోయారు. మొదటి వారం పాటకు మిగిలింది ఇద్దరు, మొన్న అయిదుగురు.

ఆమేన్ పెద్దాయన ఇంతవరకు ఒక్క పాటకూ ఉండలేదు. మొన్న మాత్రం భోజనం ముగించి, తన సంచి నా ఒడిలో పెట్టి, చేయి కడుక్కొని వస్తాను, ఎవరినీ ముట్టుకోనివ్వకు అని చెప్పి వెళ్లారు. ఆయన ఆ సంచిని నిద్రలో కూడా చేతికి కట్టుకొని పడుకుంటారని పక్కనున్నవారు చెప్పారు. పావుగంట దాన్ని పట్టుకొని కూర్చున్నాను, పాట మొదలైనా లేవలేదు.

ఫోటోల విషయం ఇంకా తేలలేదు. ముఖాలు లేకుండా, ఇచ్చిన దుప్పట్ల సంఖ్య, ఆసుపత్రికి తోడు వెళ్లిన వివరాలు రాస్తే చాలునని నేను అన్నాను. కానుకలిచ్చేవారు ఏమి చూసి ఇస్తారని కోశాధికారి అడిగారు. మీ సంఘాలలో ఇటువంటి నివేదిక ఎలా రాస్తున్నారో ఎవరైనా ఒక నమూనా ఇక్కడ పెట్టగలిగితే, వచ్చే కూటానికి పట్టుకెళ్తాను.