"కాశీమజిలీ కథలు చెప్పకు": మజిలీ అంటే గమ్యమా?

నిన్న మా అబ్బాయి ఆలస్యంగా ఇంటికొచ్చి కారణాలు చెప్పబోతే, మా అమ్మ "చాల్లేరా, కాశీమజిలీ కథలు చెప్పకు" అంది. వాడు "మజిలీ అంటే హిందీ మంజిలేనా నానమ్మా? అంటే గమ్యమేగా?" అని అడిగాడు. అమ్మ కాదంది గానీ ఎందుకు కాదో చెప్పలేకపోయింది. నాకూ తెలియలేదు. పెద్దలు చెప్పండి.

*

అమ్మగారి మాటే నిజమండీ. రెండు మాటలకీ మూలం అరబ్బీ 'మన్‌జిల్'. దాని ధాతువుకు దిగడమని అర్థం. బాటసారి వాహనం దిగి రాత్రికి ఆగే చోటు మన్‌జిల్. తెలుగులోనూ "ఎక్కడ దిగారు?", "సత్రంలో దిగాం" అంటాం కదా, అదే ఊహ. మరాఠీలో 'మజల్', కన్నడంలో 'మజలు', మనకు మజిలీ. మధ్యలో ఉన్న నకారం మూడుచోట్లా జారిపోయింది.

హిందీ, ఉర్దూల్లో మంజిల్ చేరుకోవలసిన చోటైంది, మేడలో అంతస్తు కూడా అయింది. మన మజిలీ మాత్రం దారి మధ్యలోనే ఉండిపోయింది. గమ్యమనే అర్థం రావాలంటే 'చివరి మజిలీ' అని ఇంకో మాట చేర్చుకోవాలి. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి 1831లో తిరిగొచ్చారు. ఆయన రాసుకున్న యాత్రాచరిత్ర చదివితే మజిలీ అంటే ఏమిటో కళ్ళకు కడుతుంది: ఈ ఊరు ఎంత దూరం, నీళ్ళ వసతి ఉందా, సరుకులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా. "కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే" అనుకున్న రోజుల్లో క్షేమంగా గడిచిన ప్రతి మజిలీ ఒక గండం గడిచినట్టే.

మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు' అనే 12 భాగాల కథాసముద్రాన్ని కట్టింది ఈ మాట మీదే. మణిసిద్ధుడు కాశీకి పోవాలి, ఒంటరిగా పోలేడు. తోడొచ్చే పశువుల కాపరి కుర్రాడి షరతు ఒక్కటే: దారిలో తనకు కనబడిన వింతకు మజిలీలో కథ చెప్పాలి. యక్షులు, గంధర్వులు, శాపాలు, మాయలు, ఒక కథ కడుపులో ఇంకో కథ. 'పాతాళభైరవి' సినిమాకు బీజం ఇక్కడిదే. అన్ని భాగాలు చదివినా కాశీ ఎప్పుడొస్తుందా అని నేను ఒక్కసారీ అనుకోలేదు. పొద్దుపోయి ఆ ఇద్దరూ వంట ముగించి ఎప్పుడు కూర్చుంటారా అనే ఎదురుచూశాను. గమ్యాన్ని మరిపించే ఆ పుస్తకానికి మంజిల్ అని కాక మజిలీ అని పేరుండటం నాకు ఎంతో సంతోషం.

*

మాట గురించి చెప్పింది బాగుంది గురువుగారూ. పుస్తకం మాత్రం నావల్ల కాలేదు. రెండో భాగానికే ఏ రాకుమార్తె ఎవరో కలగాపులగమైపోయింది. అందరికీ ఒకే వర్ణన. చిత్తరువు చూసి మూర్ఛపోవడం, మగవేషం వేసుకుని దేశాలు తిరగడం, చివర్లో ఒకే వరుడికి నలుగురు భార్యలు. అమ్మగారు ఆ మాటను సాగదీతకు వాడారంటే ఊరికే కాదు.

*

మీరు చెప్పిన లోపాలన్నీ ఉన్నాయమ్మా, ఒక్కటీ కాదనను. బహుభార్యల ముగింపులు నన్నూ ఇబ్బంది పెట్టాయి. గ్రాంథికం కొన్నిచోట్ల ఊపిరాడనివ్వదు. అయినా మగవేషం వేసుకున్న ఆ అమ్మాయిలను ఇంకోసారి చూడండి. తండ్రి కుదిర్చిన సంబంధం కాదని గడప దాటినవాళ్ళు, పరాయి రాజ్యంలో తెలివితో నెగ్గుకొచ్చినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. ఆయన వర్ణన పాతదే గానీ వాళ్ళ నడక పాతది కాదు. ఇంకోటి, వీటిని నవలలా ఏకబిగిన చదివితే ఎవరికైనా మొహం మొత్తుతుంది. మా తాతగారు రోజుకొక్క మజిలీ చదివి, నెమలీక పెట్టి మూసేసేవారు. మర్నాడు మేం ఎంత బతిమాలినా రెండోది చదివేవారు కాదు.

*

చాలా కృతజ్ఞతలండీ. మీ జవాబు అమ్మకు చదివి వినిపించాను. "దిగే చోటనే కదా నేనూ అనుకున్నది" అంది. మొదటి భాగం తెప్పించమంటోంది. పెద్దక్షరాల అచ్చు ఎక్కడైనా దొరుకుతుందేమో తెలిస్తే చెప్పండి, ఆమెకు చూపు సరిగా ఆనదు.