రహదారి రన్‌వే మీద యుద్ధవిమానం ఆగితే, దానికి నేల మీద ఏమేమి కావాలి?

కావలి డిప్లొమా విద్యార్థి:
పెద్దలకు నమస్కారం. నేను మెకానికల్ డిప్లొమా చివరి సంవత్సరంలో ఉన్నాను. 2024 మార్చి 18న అద్దంకి సమీపంలో, 16వ నంబరు జాతీయ రహదారి మీద కొరిశపాడు, రేణింగవరం మధ్య ఉన్న 4.1 కిలోమీటర్ల అత్యవసర రన్‌వేపై ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దిగి మళ్లీ ఎగిరాయి. సుఖోయ్-30, హాక్ విమానాలు మాత్రం దిగువకు వచ్చి, ఆగకుండానే పైకి వెళ్లిపోయాయి. ఒకసారి ఇంజను ఆపితే కింద యంత్రాలు లేకుండా సుఖోయ్ మళ్లీ స్టార్టు కాదని, అందుకే అది ఆగలేదని మా మిత్రుడు అంటున్నాడు. ఇది నిజమేనా? అల్లూరు దగ్గర మా మామయ్య రొయ్యల చెరువుల మీద పెద్ద జనరేటరు ఉంది. అటువంటిది విమానానికి పనికిరాదా?

విశ్రాంత ఎయిర్‌మన్, ఒంగోలు:
బాబూ, ఆ రోజు ఎందుకు ఆగలేదన్నది విన్యాసం రూపొందించినవారి నిర్ణయం, దాన్ని నేను ఊహించి చెప్పను. స్టార్టు విషయంలో మాత్రం మీ మిత్రుడు పొరబడ్డారు. సుఖోయ్-30 రెండు ఇంజన్లకూ వాటిని తిప్పి లేపడానికి చిన్న గ్యాస్ టర్బైన్ స్టార్టర్లు విమానంలోనే ఉంటాయి. ఏఎన్-32లో కూడా ఇందుకోసం ఒక సహాయక టర్బైన్ ఉంటుంది.

అయితే విమానం జీవితంలో ఎక్కువ భాగం ఇంజను ఆగి, నేల మీదే గడుస్తుంది. ఇంజను తిరగకపోతే దాని మీద ఆధారపడిన, నూనెను ఒత్తిడితో నెట్టి చక్రాల వంటి భాగాలను కదిపే హైడ్రాలిక్ పంపు, విద్యుత్తు జనరేటరు కూడా తిరగవు. రాడారు పరీక్షించాలన్నా, విమానాన్ని జాకీల మీదకు ఎత్తి చక్రాలు సరిగా ముడుచుకుంటున్నాయో లేదో చూడాలన్నా ఆ శక్తి బయటి నుంచి రావాలి. దానికోసం ఇంజనే తిప్పుదామంటే ఇంధనంతో పాటు గంటల లెక్కన కొలిచే ఇంజను ఆయుష్షు కూడా ఖర్చవుతుంది, పైగా మనిషి దగ్గరకు పోలేడు. అందువల్ల ఇంజను చేయవలసిన పనిని అరువుకు చేసిపెట్టే పవర్ ట్రాలీ, హైడ్రాలిక్ ట్రాలీ వంటివే నేల మీద కావలసిన పరికరాలలో ముఖ్యమైనవి.

చాలా విమానాలలో హైడ్రాలిక్ పీడనం చదరపు అంగుళానికి సుమారు 3000 పౌండ్లు. ఇది విని బెదరనక్కరలేదు, మన ఊళ్లలో మట్టి తోడే జేసీబీలోనూ ఆ స్థాయి పీడనమే ఉంటుంది. తేడా అంతా నూనె శుభ్రతలో ఉంది. ట్రాలీ గొట్టం మూతి తుడవకుండా తగిలిస్తే, ఆ గొట్టానికి అంటిన ఇసుక రేణువు విమానం లోపల నూనె ప్రవాహాన్ని సన్నగా అదుపు చేసే సర్వో వాల్వు దాకా పోతుంది. దాన్ని బయటికి తీయడానికి ఎన్ని రోజులు పడుతుందో పని చేసినవాడికే తెలుసు.

టైర్లలో మామూలు గాలి కాక నైట్రోజన్ నింపుతారు. తేమ ఉండదు కనుక పైన చలిలో గడ్డకట్టేదేమీ ఉండదు, బ్రేకులు కాగి ఎర్రబడినప్పుడు టైరు లోపల మంటను పోషించే ఆక్సిజన్ కూడా ఉండదు. విమానాన్ని లాగే టో బార్‌లో కావాలనే బలహీనంగా చేసిన ఒక షియర్ పిన్ ఉంటుంది. ట్రాక్టరు తేడాగా లాగితే ఆ పిన్ తెగుతుంది కానీ ముక్కు చక్రపు కాలు దెబ్బతినదు.

డీజిల్ జనరేటర్ల మెకానిక్, విడవలూరు:
చెరువుల దగ్గరి జనరేటరు గురించి నేను చెబుతాను. అది నాలుగు పోల్స్‌తో, అంటే నాలుగు అయస్కాంత ధ్రువాలతో, నిమిషానికి 1500 చుట్లు తిరిగి 50 హెర్ట్జ్ ఇస్తుంది. విమానాలలో ఎక్కువగా వాడేది 115 వోల్టుల, 400 హెర్ట్జ్ త్రీఫేజ్ కరెంటు. ఫ్రీక్వెన్సీ పెరిగితే ట్రాన్స్‌ఫార్మర్లలో, మోటార్లలో ఇనుము తక్కువ పడుతుంది, బరువు తగ్గుతుంది. మీ మామయ్యగారి యంత్రం నుంచి 400 హెర్ట్జ్ నేరుగా రావాలంటే అది 12,000 చుట్లు తిరగాలి, అంతకన్నా ముందే ముక్కలవుతుంది. 24 పోల్స్ ఉన్న ఆల్టర్నేటరుకైతే 2000 చుట్లు చాలు. మధ్యలో ఫ్రీక్వెన్సీ కన్వర్టరు పెడితే మాత్రం చెరువు గట్టు జనరేటరుకూ ఆ గౌరవం దక్కవచ్చు.

నౌకాదళ విమాన విభాగంలో పనిచేసినవారు, నెల్లూరు:
ఒంగోలు వారు రోడ్డును మరిచిపోయారు. చీమకుర్తి గ్రానైట్ లారీలు, గడ్డి ట్రాక్టర్లు తిరిగే మన రోడ్ల మీద పడి ఉండే చిన్న రాతి పలుకును జెట్ ఇంజను లోపలికి పీల్చుకుంటే కంప్రెసర్ రెక్కలు దెబ్బతింటాయి. సుఖోయ్ గాలి ద్వారాలకు జల్లెడలు ఉన్నప్పటికీ, విమానం రాకముందు దారంతా ఊడ్చి, మనుషులు వరుసగా నడుస్తూ ఏరవలసిందే.

పనిముట్టు మరిచిపోవడం కూడా ఇటువంటి ప్రమాదమే. మా స్థావరంలో ఒకసారి సాయంత్రం పనిముట్ల లెక్కలో, ఒక్కో పనిముట్టుకు ఒక్కో గూడు ఉండే పలకపై ఒక స్పానరు గూడు ఖాళీగా కనిపించింది. ఆ రోజు పని జరిగిన మూడు విమానాలనూ ఆపి, రాత్రంతా ప్యానెళ్లు విప్పించారు. చివరకు అది ట్రాలీ చక్రం పక్కన గడ్డిలో దొరికింది. అలసిన వారిలో నేనూ ఒకడిని, అయినా ఆ ఉత్తర్వు తప్పని నాకు ఏనాడూ అనిపించలేదు.

కావలి డిప్లొమా విద్యార్థి:
అందరికీ కృతజ్ఞతలు. ఈ పనిలోకి వెళ్లాలంటే మొదట ఏమి నేర్చుకోవాలి? ఏ పొరపాటుకు ఎక్కువగా భయపడాలి?

విశ్రాంత ఎయిర్‌మన్, ఒంగోలు:
మెకానికల్ డిప్లొమాతో వాయుసేనలో చేరే అగ్నివీర్ వాయుకు దరఖాస్తు చేసుకోవచ్చు, మార్కులు, వయసు నిబంధనలు ప్రకటనలో చూసుకోండి. బోల్టును కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచి పట్టడం, చేసిన పనిని చేసినట్టే రాసి సంతకం పెట్టడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. మా దగ్గర విమానంపై జరిగిన పనిని నమోదు చేసే ఫారం 700లో సంతకం పడనిదే విమానం కదలదు. ఇక భయపడవలసింది పైలట్ల శ్వాసకు కావలసిన ఆక్సిజన్‌ను విమానంలో నింపే ఆక్సిజన్ ట్రాలీకి. గ్రీజు అంటిన చేతితో దాని వాల్వు ముట్టుకోకూడదు, ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ తగిలితే ఆ కొద్దిపాటి జిడ్డే నిప్పు లేకుండా అంటుకోగలదు.