కూచిపూడి గురువును ఎంచుకునేటప్పుడు వారి శిక్షణ గురించి ఏమి అడగాలి?

మువ్వలసవ్వడి:
మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. ఈ మధ్య ఇల్లు మారాం కాబట్టి కొత్త గురువు కోసం వెతుకుతున్నాం. ఇల్లు మారకపోయినా గురువును మార్చేవాళ్లమే. పాత చోట రెండేళ్లలో ఐదు పాటలకు నాట్యం నేర్పారు, పది సార్లు వేదిక ఎక్కించారు. కానీ అడవుల (నాట్యంలో మొదట నేర్పే అడుగుల) పేర్లు చెప్పమంటే మా అమ్మాయి మూడు కూడా చెప్పలేకపోయింది. మోకాలు నొప్పిగా ఉందంటే "అదే అలవాటవుతుంది" అన్నారు. ఆ టీచరు మూడేళ్లు నేర్చుకుని నాలుగో ఏట బోర్డు పెట్టారని తరువాత తెలిసింది.

తప్పు నాదీ ఉంది. చేర్చే రోజున ఫీజు అడిగాను, వేళలు అడిగాను. "మీరు ఎవరి దగ్గర, ఎన్నేళ్లు నేర్చుకున్నారు?" అని మాత్రం అడగలేదు. గురువును అలా అడగడం మర్యాద కాదనుకున్నాను.

ఇప్పుడు మూడు చోట్లకు వెళ్లి వచ్చాం. ఒకరు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో డిప్లొమా చేశారు. ఒకరు ఎం.పి.ఏ. (ప్రదర్శన కళల్లో పీజీ) చదివారు. మూడో ఆయన దగ్గర ఏ పత్రమూ లేదు. చిన్నప్పటి నుంచి కూచిపూడి గ్రామంలో పెద్దల దగ్గర నేర్చుకున్నానన్నారు. ఈ ముగ్గురిలో తేడా ఎలా తెలుసుకోవాలి? అనుభవం ఉన్నవారు చెప్పండి.

పాతవిద్యార్థిని:
నేను అలాంటి కళాశాలలోనే చదివాను కాబట్టి పత్రం సంగతి చెబుతాను. నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆ పైన రెండేళ్ల డిప్లొమా. ఆరేళ్లు. సాయంత్రం తరగతులు, ఏటా శాస్త్రం ఒక పరీక్ష, ప్రయోగం ఒక పరీక్ష. శాస్త్రంలో తొమ్మిది శిరోభేదాలు (తల కదలికలు), ఎనిమిది దృష్టిభేదాలు (చూపులు), నాలుగు గ్రీవాభేదాలు (మెడ కదలికలు), ఇరవై ఎనిమిది అసంయుత హస్తాలు (ఒంటిచేతి ముద్రలు) వినియోగ శ్లోకాలతో సహా రావాలి. ఏడు తాళాలు, ఐదు జాతులు, వాటి నుంచి ముప్పై ఐదు తాళాలు ఎలా పుడతాయో రాయాలి. అంటే డిప్లొమా ఉన్నవారికి ఒక పునాది ఉందని నమ్మవచ్చు.

అయితే ఆ ఆరేళ్లలో ఒక్క రోజు కూడా ఎవరూ నా ముందు ఏడేళ్ల పిల్లను నిలబెట్టి "ఈమెకు మొదటి అడవు నేర్పు" అనలేదు. పరీక్షలన్నీ నేను ఎలా ఆడతానన్న దానికే. బయటికి వచ్చి తరగతి మొదలుపెట్టిన తొలి ఏడాది నేను నేర్పింది తక్కువ, ఆడి చూపించింది ఎక్కువ. పిల్లలకు ఎదురుగా నిలబడి నా కుడికాలు కొట్టేదాన్ని, వాళ్లు ఎడమకాలు కొట్టేవారు. ఎదురుగా నిలబడినప్పుడు అద్దంలా తిప్పి చూపాలన్న చిన్న విషయం తెలియడానికి నాకు నెలలు పట్టింది. వెనుక వరుసలోని పిల్లలు నన్ను కాదు, ముందు వరుసను చూసి ఆడుతున్నారని ఇంకా ఆలస్యంగా కనిపెట్టాను. ఆ పిల్లలను తలచుకుంటే ఇప్పటికీ బాధ.

మువ్వలసవ్వడి గారూ, డిప్లొమా ఉందా అన్న ప్రశ్నతో ఆగకండి. సొంతంగా నేర్పడానికి ముందు ఎవరి తరగతిలోనైనా సహాయకులుగా ఉన్నారా, ఎన్నేళ్లు ఉన్నారు అని కూడా అడగండి.

కృష్ణాతీరం:
ముప్పై ఏళ్లుగా నేర్పుతున్నాను. ముందుగా ఒక మాట, అమ్మా. "మీ గురువుగారు ఎవరు?" అని అడగడం అమర్యాద కానే కాదు. మా విద్యలో అది మొదటి పరిచయం. నిజంగా నేర్చుకున్నవారికి ఆ ప్రశ్న వింటేనే ముఖం విప్పారుతుంది. తమ గురువు పేరు, ఆయన గురువు పేరు, తాము చేసిన తొలి ప్రవేశ దరువు (పాత్ర వేదిక మీదకు వచ్చేటప్పటి పాట), తిన్న చీవాట్లు, అన్నీ చెప్పేస్తారు. మాట మార్చేవారి దగ్గర జాగ్రత్తగా ఉండండి.

కూచిపూడి ఒకప్పుడు ఆ గ్రామంలోని భాగవతుల కుటుంబాల్లో మగపిల్లలకే పరిమితమైన విద్య. ఆడవేషాలూ వాళ్లే కట్టేవారు. భామాకలాపంలో సత్యభామ పాత్ర కట్టాలంటే ఆట ఒక్కటే చాలదు, పాడాలి, సంభాషణ చెప్పాలి. అందుకే పిల్లలకు సంగీతమూ సంస్కృతమూ కూడా నేర్పేవారు. ఆడపిల్లలకు ఈ విద్యను అందించినవారిలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు ముఖ్యులు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, అడవులను ఒక క్రమంలో పెట్టి, ఏకపాత్ర నృత్యాలూ నృత్యనాటకాలూ కూర్చి, ఎందరినో తయారు చేశారు. ఇవాళ పట్టణాల్లో నేర్పుతున్న చాలామంది ఆయన శిష్యులో, ప్రశిష్యులో. కాబట్టి ఎవరినైనా అడగండి, రెండు మూడు తరాల వెనక్కి వెళ్లేసరికి తెలిసిన పేరు తగలాలి.

మీరు చెప్పిన మూడో ఆయన మాట నిజమైతే ఆ శిక్షణ చిన్నది కాదు. పత్రం లేదని తోసివేయకండి. ఒక్క పని చేయండి. తరగతి జరుగుతుండగా వెళ్లి కూర్చోండి. ఆయన తాళాలు చేత పట్టి, నోటితో జతి (తకధిమి వంటి లయ పలుకులు) చెబుతూ, పాదం తప్పిన పిల్లను అదే లయలో పేరు పెట్టి పిలవగలరా అని చూడండి. నట్టువాంగం (తాళాలతో, జతులతో నాట్యాన్ని నడిపించడం) వచ్చిన గురువుకు మూడు పనులూ ఒకేసారి సాగుతాయి. రానివారు ఫోనులో పాట పెట్టి పక్కన నిలబడతారు. పాట ఒకే వేగంతో పోతుంది, పిల్ల కోసం ఆగదు. గురువు నోటి జతి ఆగుతుంది, నెమ్మదిస్తుంది, మళ్లీ అందుకుంటుంది.

ఇద్దరిపిల్లలనాన్న:
కృష్ణాతీరం గారి మాట మీద గౌరవంతోనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. పరంపర పేరు ఎరువు తెచ్చుకోవడం కూడా జరుగుతోంది. మా పెద్దమ్మాయిని చేర్చిన చోట గోడ మీద ఒక పెద్ద గురువుగారి పక్కన నిలబడిన ఫొటో ఉండేది. "ఆయన శిష్యురాలిని" అనేవారు. ఏడాది తరువాత తెలిసింది, పది రోజుల శిక్షణ శిబిరానికి వెళ్లి వచ్చారట. శిబిరాలకు వెళ్లడం మంచిదే. పది రోజులకు శిష్యరికం అని పేరు పెట్టడమే తప్పు.

అందుకే రెండో పాప విషయంలో నేను పేర్లు అడగలేదు, పని అడిగాను. ఎన్నేళ్లు, వారానికి ఎన్ని రోజులు నేర్చుకున్నారు? గురువుగారి దగ్గర ఏయే అంశాలు పూర్తి చేశారు? రంగప్రవేశం (తొలి పూర్తి ప్రదర్శన) ఎప్పుడు జరిగింది, నట్టువాంగం ఎవరు చేశారు? ఇప్పటికీ ఆ గురువు దగ్గరకు వెళ్తున్నారా? ఈ చివరి ప్రశ్నకు వచ్చిన జవాబే నా నిర్ణయం తేల్చింది. ఇప్పుడు మా పాపకు నేర్పుతున్న ఆమెకు నలభై దాటాయి. ఇంకా నెలకోసారి గురువుగారి దగ్గరకు వెళ్లి కూర్చుంటారు. ఏదైనా అడిగితే "కనుక్కుని చెబుతాను" అంటారు. ఆ మాట అనగలిగిన టీచరు దొరకడం అదృష్టం.

అరమండి:
మోకాలు నొప్పి అన్నచోట ఆగిపోయాను. పదమూడేళ్లు ఆడి, మోకాలి కారణంగానే వేదిక మానేసినదాన్ని.

అరమండిలో (మోకాళ్లు వంచి సగం కూర్చునే భంగిమలో) మోకాళ్లు పక్కలకు విచ్చుకోవాలి. ఆ విచ్చుకోవడం తుంటి కీలు నుంచి రావాలి. ప్రతి పిల్లకూ తుంటి ఒకేలా తిరగదు, అది ఎముకల అమరిక. తిరగనిచోట బలవంతం చేస్తే పాదాలు మాత్రం పక్కకు పోతాయి, మోకాళ్లు ముందుకే చూస్తాయి, మధ్యలో కీలు మెలిపడుతుంది. దాని మీద పాదం బలంగా కొడతాం, కింద గచ్చునేల. రోజూ వందల సార్లు. ఎదిగే వయసులో ఇది ఊరికే పోదు.

నా గురువు గొప్ప నర్తకి. ఆమెకు తుంటి సహజంగా విచ్చుకుంటుంది, అందువల్ల మాకు ఎందుకు రాదో ఆమెకు అర్థమయ్యేది కాదు. "ఇంకా కూర్చో" అనేవారు. చెడు ఉద్దేశం లేదు. శరీరం గురించి ఆమెకు ఎవరూ నేర్పలేదు, అంతే. కాబట్టి దయచేసి ఇది చూడండి: తరగతి మొదట్లో ఒళ్లు వెచ్చబడేలా వ్యాయామం చేయిస్తున్నారా? మోకాలు పాదం వేళ్ల దిశలోనే ఉందో లేదో వంగి చూస్తున్నారా? పిల్ల నొప్పి అంటే ఆపి అడుగుతున్నారా? చెక్కనేల ఉంటే మరీ మంచిది. కండరం అలసిన నొప్పి కొద్ది రోజుల్లో పోతుంది. కీలులో నొప్పి అలవాటు కావలసినది కాదు, వైద్యుడికి చూపించవలసినది. మువ్వలసవ్వడి గారూ, పాప మోకాలు చూపించారా?

మువ్వలసవ్వడి:
చూపించామండీ. రెండు నెలలు ఆట ఆపి, తొడ కండరాలకు వ్యాయామం చెప్పారు. ఇప్పుడు నొప్పి లేదు. మీరు రాసినది చదివి మా అమ్మాయిని అరమండిలో కూర్చోమన్నాను. పాదాలు పక్కకు, మోకాళ్లు ముందుకు. సరిగ్గా మీరు చెప్పినట్టే ఉంది.

ఇంకో సందేహం. ఇప్పుడు చూసివచ్చిన మూడింట్లో మొదటి చోట బోర్డు మీద కూచిపూడి, భరతనాట్యం రెండూ నేర్పబడును అని ఉంది. ఒకరే రెండూ నేర్పవచ్చా?

పాతవిద్యార్థిని:
రెండూ విడివిడిగా, పూర్తిగా నేర్చుకున్నవారైతే నేర్పవచ్చు. అలాంటివారు ఉన్నారు, కానీ కొద్దిమందే. అడవుల పేర్లు కొన్ని కలుస్తాయి, ఒళ్లు కదిలే తీరు వేరు. భరతనాట్యంలో గీత గీసినట్టు ఉండే చోట కూచిపూడిలో ఒక ఊపు ఉంటుంది. తరంగం అనే అంశంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి లయ నడపడం, పాత్ర తానే మాట చెప్పడం ఈ సంప్రదాయం ప్రత్యేకతలు. చెన్నైలోని కళాక్షేత్రంలో నాలుగేళ్ల డిప్లొమా చేసినవారంటే భరతనాట్యంలో ఎంతో గట్టి శిక్షణ పొందినవారు. రుక్మిణీదేవి 1936లో నెలకొల్పిన సంస్థ అది, 1993లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. అయినా ఆ డిప్లొమా చూసి కూచిపూడికి చేర్చడం వీణ విద్వాంసురాలి దగ్గర వయొలిన్ నేర్చుకోవడం లాంటిదే. "కూచిపూడి మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని విడిగా అడగండి.

తిల్లానా:
మీరు చూసిన రెండో చోట ఉన్నది ఎం.పి.ఏ. చేసినవారు కదా. నేనూ అదే చదివాను. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో, తెలుగు విశ్వవిద్యాలయంలో కూచిపూడిలో ఈ కోర్సు ఉంది. చరిత్ర, శాస్త్రగ్రంథాలు, నృత్య రచన, సిద్ధాంత వ్యాసం వంటివి చదువుతాం. ఎం.పి.ఏ. రెండేళ్లే, కానీ ఆటకు పునాది అక్కడ పడదు, అంతకు ముందే పడి ఉండాలి. కాబట్టి దానికి ముందు ఎక్కడ నేర్చుకున్నారో అడగాలి.

ఇప్పుడు నేర్పుతున్నదాన్ని కాబట్టి మా వైపు మాట కూడా చెప్పనివ్వండి. అడిగే తల్లిదండ్రులంటే నాకు భయం లేదు, ఇష్టం. అడగకుండా చేర్చి, మూడో నెలలో "ఇంకా పాట మొదలుపెట్టలేదేమిటి" అనేవారితోనే కష్టం. అడవులకే ఏడాది పైన పడుతుందంటే పక్క బడికి వెళ్లిపోతారు. అక్కడ నలభై రోజుల్లో పాట వస్తుంది. మీ పాత టీచరు మూడేళ్ల చదువుతో బడి పెట్టగలిగారంటే, అలాంటి పాట కోసం ఎదురు చూసే ఇళ్లు ఉన్నాయి కాబట్టే కదా. ఇది మిమ్మల్ని అనడం లేదండీ, మనసులో చాలాకాలంగా ఉన్న మాట.

నాకు నట్టువాంగం ఇంకా పూర్తిగా రాదు. ఆది తాళం, రూపకం వరకు ధైర్యంగా చేస్తాను. మిశ్రచాపు తాళంలో ముక్తాయింపు (ముగింపు జతి) వచ్చేసరికి చెయ్యి తడబడుతుంది. వారానికి ఒక రోజు వెళ్లి నేర్చుకుంటున్నాను. చేర్చడానికి వచ్చినవారికి ఈ సంగతి ముందే చెబుతాను. పాదమో నడుమో సరిచేయడానికి తాకవలసి వస్తే పిల్లను అడిగే తాకుతాను, తలుపు తెరిచే ఉంచుతాను. ఇవి నాకు ఏ పాఠ్యప్రణాళికలోనూ చెప్పలేదు. నేను సహాయకురాలిగా ఉన్న తరగతిలో నేర్పే అక్క చేస్తుంటే చూసి నేర్చుకున్నాను.

ఇద్దరిపిల్లలనాన్న:
తిల్లానా గారూ, మా ఊళ్లో ఉంటే మా పిల్లలను మీ దగ్గరే చేర్చేవాణ్ణి.

మువ్వలసవ్వడి:
అందరికీ నమస్కారం. మూడు చోట్లకూ మళ్లీ వెళ్లాను.

మొదటి చోట "కూచిపూడి ఎవరి దగ్గర?" అంటే "రెండూ ఒకటేనండీ" అన్నారు. లేచి వచ్చేశాను. రెండో చోట ఆమె చదువు గొప్పది, మాట చక్కటిది. కానీ ఆమె నేర్పేది పెద్ద పిల్లలకే, చిన్నవారిని శిష్యురాలికి అప్పగిస్తారు. ఆ అమ్మాయి నేర్చుకోవడం మొదలై నాలుగేళ్లు. బోర్డు మీద ఉన్న పేరు ఒకరిది, పాపకు దొరికే టీచరు మరొకరు. ఈ ప్రశ్న ఇక్కడ ఎవరూ రాయలేదు కాబట్టి నేను చేరుస్తున్నాను: మా అమ్మాయికి రోజూ నేర్పేది ఎవరు?

మూడో ఆయన తరగతిలో గంటసేపు కూర్చున్నాను. పన్నెండు మంది పిల్లలు. గురువుల పేర్లు అడిగితే ఇద్దరి పేర్లు చెప్పి, వాళ్లలో ఒకరి గొంతును గుర్తు చేసుకుంటూ ఆ దరువు ఎలా ఎత్తుకునేవారో పాడి వినిపించారు. కృష్ణాతీరం గారు చెప్పినట్టే జతి చెబుతూ మధ్యలో ఒక బాబును పేరు పెట్టి పిలిచారు, లయ చెదరలేదు. అయితే వ్యాయామం లేకుండానే నేరుగా అరమండిలోకి దింపారు. వెళ్లేటప్పుడు మా అమ్మాయి మోకాలి సంగతి, వైద్యుడు చెప్పినది అంతా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "మాకు ఇవేవీ చెప్పలేదమ్మా, కొట్టి కూర్చోబెట్టేవారు. వైద్యుడు చెప్పిన వ్యాయామాలు కాగితం మీద రాసి ఇవ్వు, అందరితో చేయిస్తాను" అన్నారు. రాసి ఇచ్చాను. సోమవారం మళ్లీ వెళ్లేసరికి పిల్లలందరూ గోడకు ఆనుకుని అవే చేస్తున్నారు.

గురువారం చేరుస్తున్నాం. అడవులు మొదటి నుంచి చెబుతానన్నారు. మా అమ్మాయి కొంచెం అలిగింది.

కృష్ణాతీరం:
చాలా సంతోషం, అమ్మా. పిల్ల అలక నెల రోజుల్లో పోతుంది, మూడో వేగం పట్టుబడిన రోజున తనే వచ్చి చూపిస్తుంది. కొత్త గజ్జెలు ఇప్పుడే కొనకండి. ఆయన కట్టమన్న రోజున కొందురుగాని.