అప్‌డేట్: గామా గ్లైసీన్‌ను వేడిచేస్తే రామన్ శిఖరాలు ఎందుకు జరుగుతున్నాయి?

గ్లైసీన్ అనే అమైనో ఆమ్లపు స్ఫటిక రూపాల్లో ఒకటి గామా. ఈ గామా గ్లైసీన్ స్ఫటికాన్ని వేడిచేస్తుంటే రామన్ శిఖరాలు (లేజర్ పడినప్పుడు చెదిరే కాంతి వర్ణపటంలో అణువుల కంపనాలను చూపే శిఖరాలు) తక్కువ తరంగసంఖ్య (సెం.మీ⁻¹లో చెప్పే కంపన పౌనఃపున్యం) వైపు జరుగుతున్నాయి, అది మరో స్ఫటిక రూపంలోకి మారడమేనా అని అడిగాను. కాదని తేలింది. ముందుగా లేజర్ శక్తిని బాగా తగ్గించి చూడమన్న సలహా ఎంతో మేలు చేసింది. తగ్గించినా శిఖరాల స్థానాలు మారలేదు కాబట్టి లేజర్ వేడి కారణం కాదు. 200 సెం.మీ⁻¹ లోపు ఉండే జాలక కంపనాలు (స్ఫటికంలో అణువులు మొత్తంగా ఊగే కదలికలు) మెల్లగా జరుగుతూ వెడల్పవడం స్ఫటికం వ్యాకోచించడం వల్లే.

అసలు మార్పు 170 డిగ్రీల సెల్సియస్ దాటాక వచ్చింది, ఎంత స్పష్టంగానో! సీహెచ్₂ (కార్బన్-హైడ్రోజన్ బంధాల) శిఖరాలు సుమారు 2964, 3000 నుంచి 2972, 3008 సెం.మీ⁻¹ దగ్గరికి ఒక్కసారిగా గెంతాయి. జాలక ప్రాంతం రూపమే మారిపోయింది. అది ఆల్ఫా గ్లైసీన్, అంటే మరో స్ఫటిక రూపం. మెలికల గొలుసులుగా ఉన్న అణువులు జంట పొరలుగా అమరాయన్నమాట.

చల్లార్చినా వెనక్కి రాలేదు. గది ఉష్ణోగ్రతలో గామాయే ఎక్కువ స్థిరమైనది, అయినా హైడ్రోజన్ బంధాలన్నీ తిరిగి అల్లుకోవాలి కనుక ఆల్ఫా అలాగే నిలిచిపోతుంది. ఇలాంటి కొలతలు చేసేవారు చల్లార్చేటప్పుడు కూడా వర్ణపటాలు తప్పక తీసుకోండి. తేమ ఈ తిరుగు మార్పును వేగిరపరుస్తుంది కాబట్టి నమూనాను ఇప్పుడు తేమగాలిలో ఉంచాను.