ఫోన్ లేని పిల్లలకు యూపీఐ ఎలా నేర్పాలి?

మా ఊరి సంక్షేమ హాస్టల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలు 30 మందికి ఆదివారం పూట బ్యాంకు పనులు నేర్పుతున్నాం. వాలంటీర్లం నలుగురం. డిపాజిట్, విత్‌డ్రాయల్ ఫారాల జిరాక్సులతో బాగానే నడుస్తోంది. తప్పులు వచ్చేది రెండు చోట్ల: అంకెల్లో 1,050 వేసి అక్షరాల్లో నూటయాభై అని రాయడం, సంతకం ఒక్కోసారి ఒక్కోలా పెట్టడం. ఖాతా తెరిచినప్పటి సంతకంతో కలవకపోతే కౌంటర్లో ఫారం వెనక్కిచ్చేస్తారు కదా, అందుకే ఒకే సంతకం పదేసిసార్లు పెట్టిస్తున్నాం.

చిక్కంతా యూపీఐతోనే. హాస్టల్లో ఫోన్లు ఉండనివ్వరు. డబ్బు పంపడానికే పిన్, రావడానికి అక్కర్లేదు అంటే అందరూ తలూపుతారు. అదే, ‘క్యాష్‌బ్యాక్ రూ.500, పిన్ నొక్కండి’ అని అట్టముక్క మీద స్క్రీన్ గీసి చేతికిస్తే సగం మంది నొక్కేస్తారు! మోసం జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలని, ఆలస్యమైతే డబ్బు వేరే ఖాతాలకు మళ్లించేస్తారని కూడా చెబుతున్నాం.

అట్ట ఫోన్లతోనో, ఒకే ఒక్క ఫోన్‌తోనో ఇంతమందికి సాధన చేయించినవాళ్లు ఉన్నారా? వాలంటీరు సొంత ఖాతా తెరిచి చూపించడం మాకు ఇష్టం లేదు, పిన్ అందరి ముందూ కొట్టాల్సి వస్తుంది. నోరు విప్పని పిల్లల చేత మోసగాడి వేషం వేయిస్తే ఫలితం ఉంటుందా?