‘ఉపరితల ఆవర్తనం’లో ఉపరితలం ఏది?

పదాల పేట: “పశ్చిమమధ్య బంగాళాఖాతంలో ఉపరితల ఆవర్తనం, సముద్రమట్టానికి 5.8 కిలోమీటర్ల ఎత్తు వరకు విస్తరించి ఉంది.” వానాకాలమంతా పత్రికల్లో ఈ ధోరణే. బడి పుస్తకాల్లో భూ ఉపరితలం అంటే నేల పైభాగం. ఉపరితలానిది ఆరు కిలోమీటర్ల ఎత్తు దాకా పోవడమేమిటి?

గాలిమర: ఇంగ్లీషు బులెటిన్లలో ఇది ‘అప్పర్ ఎయిర్ సైక్లోనిక్ సర్క్యులేషన్’. అప్పర్ ఎయిర్‌ను ఉపరితలం చేశారు. సర్ఫేస్ కూడా తెలుగులో ఉపరితలమే. పైగాలి, నేల మట్టం రెండూ ఒకే మాటలో ఇరుక్కున్నాయి. వాతావరణ కేంద్రంలో ఈ రెండింటికీ చార్టులే వేరు.

ఆ 5.8 ఊరికే వచ్చిన అంకె కాదు. విశాఖ, మచిలీపట్నం, హైదరాబాద్ వంటి చోట్ల నుంచి బెలూన్లు ఎగరేసి పైగాలులు కొలుస్తారు. ప్రపంచమంతటా ఇందుకు పెట్టుకున్న వేళలు మన గడియారంలో ఉదయం, సాయంత్రం 5.30. చార్టులను పీడనాన్ని బట్టి గీస్తారు: 850 హెక్టోపాస్కల్ అంటే సుమారు 1.5 కి.మీ., 700 అంటే 3.1, 500 అంటే 5.8. వార్తల్లో ఈ అంకెలే తిరగడం అందుకే.

అమరాభిమాని: ‘ఉపరి’ అంటే పైన. ఉపరితలం పైనున్న తలమే. వ్యుత్పత్తి ప్రకారం తప్పేమీ లేదండీ.

గాలిమర: వ్యుత్పత్తి నిలబడుతుంది, వాడుకే నిలబడదు. చదివేవాళ్లు దీన్నీ అల్పపీడనాన్నీ కలిపేస్తున్నారు. అల్పపీడనం సర్ఫేస్ చార్టులోది: 2 హెక్టోపాస్కల్ తేడాతో గీసిన సమభార రేఖల్లో (ఒకే పీడనం ఉన్న చోట్లను కలిపే గీతల్లో) ఒకటి చుట్టూ తిరిగి మూసుకోవాలి. రెండు మూసుకుంటే వాయుగుండం. సముద్రం మీదైతే గాలి వేగమే కొలత: గంటకు 31 కి.మీ. నుంచి 49 దాకా వాయుగుండం, 50 నుంచి 61 తీవ్ర వాయుగుండం, 62 చేరితే తుపాను. ఆవర్తనానికి మూసుకున్న రేఖతో పని లేదు, గాలి సుడి తిరిగితే చాలు. “ఆవర్తనం ప్రభావంతో అల్పపీడనం ఏర్పడింది” అన్న వాక్యానికి అర్థం తెలియాలంటే ఈ తేడా తెలియాలి.

పదాల పేట: ఆవర్తనం అంటే సుడే కదా, ఎటు తిరిగినా?

గాలిమర: అదే ఇంకో లోపం. ‘సైక్లోనిక్’ అన్న మాటలోనే దిశ ఉంది: మన అర్ధగోళంలో అపసవ్యం. కేంద్రానికి తూర్పున దక్షిణపు గాలి, ఉత్తరాన తూర్పు గాలి, పడమట ఉత్తరపు గాలి, దక్షిణాన పడమటి గాలి. ఈ నాలుగూ చార్టులో సరిపోతేనే ఆ పేరు పెడతారు. తెలుగు పేరులో దిశ జారిపోయింది.

అమరాభిమాని: మరి ‘ద్రోణి’?

గాలిమర: అది భేషైన మాట. ద్రోణి అంటే తొట్టి, దోనె. ఇంగ్లీషు ‘ట్రఫ్’ కూడా పశువుల తొట్టే. వాయుగుండం కూడా అంతే, సుడిగుండం ఎరిగినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటి చిక్కులు తీర్చడం వృత్తి సంఘాల పనుల్లో ఒకటి. అమెరికన్ మెటియొరలాజికల్ సొసైటీ 1959లో వాతావరణ పదకోశం వేసింది, 2000లో రెండో కూర్పు తెచ్చింది, ఇప్పుడు ఆన్‌లైన్‌లో సవరిస్తూ ఉంటుంది. 1956లో ఏర్పడ్డ మన ఇండియన్ మెటియొరలాజికల్ సొసైటీ తన పత్రికకు ‘వాయుమండల్’ అని పేరు పెట్టుకుంది. వాతావరణ శాఖ పత్రికేమో ‘మౌసమ్’. అరబ్బీ నుంచి వచ్చిన మాట, ‘మాన్సూన్’కూ మూలం అదే.

పదాల పేట: అయితే ఏమనాలంటారు?

గాలిమర: ‘ఎగువగాలుల సుడి’ అంటాను. అమరాభిమాని గారికి సుడి నచ్చకపోతే ‘ఎగువగాలుల ఆవర్తనం’. ఇంకొక్క మాట: “ఎత్తుకు వెళ్లేకొద్దీ నైరుతి వైపు వంగి ఉంది” అన్నదాన్ని కొందరు “నైరుతి దిశగా కదులుతోంది” అని రాసేస్తారు. సుడి ఒరిగి ఉందని దాని అర్థం, ప్రయాణం సంగతి కాదు. రుతుపవనాల వాయుగుండాలకు నైరుతి భాగంలోనే వాన ఎక్కువ కాబట్టి, ఈ పొరపాటు వల్ల వార్తల్లో వాన పడే ఊళ్ల పేర్లు తారుమారవుతాయి.