ఎస్ఏటీ వొకాబులరీకి బట్టీ తప్ప వేరే దారి లేదా?

మా అబ్బాయి డాలస్‌లో లెవెన్త్ గ్రేడ్, త్వరలో ఎస్ఏటీ (అమెరికాలో కాలేజీ అడ్మిషన్ల కోసం రాసే పరీక్ష) రాయాలి. మ్యాథ్స్‌కి ఢోకా లేదు, టెన్షనంతా రీడింగ్ అండ్ రైటింగ్ దగ్గరే. 2024 నుంచి ఇక్కడ పరీక్ష డిజిటల్ అయ్యాక పొడుగు ప్యాసేజీలు పోయాయి, 25 నుంచి 150 పదాల చిన్న పేరా ఇచ్చి మధ్యలో ఖాళీకి సరిపోయే మాట అడుగుతున్నారు కదా, మావాడికి మార్కులు పోయేది అక్కడే.

కోచింగ్‌లో బారెడు లిస్టు చేతిలో పెట్టారు. ఫ్లాష్‌కార్డులు చేసుకుని అర్థాలు గడగడా అప్పజెప్తాడు, తీరా వాక్యంలో వస్తే తెల్లమొహం. మొన్న ప్రాక్టీస్ టెస్టులో ఆధారాలు సరిగా లేని వాదన గురించి పేరా వచ్చింది, జవాబు 'టెన్యుయస్', అంటే అక్కడ 'బలహీనమైన' అని. కార్డు మీద 'సన్నని' అని రాసి ఉంది కాబట్టి వాదన సన్నగా ఉండటమేంటని దాన్ని వదిలేసి ఇంకోటి పెట్టొచ్చాడు! 'బెనె' (మంచి), 'మాల్' (చెడు) లాంటి లాటిన్ మూలాలు నేర్పిస్తే ఊహించగలరని కొందరంటారు, అది కొంతవరకే పనికొస్తుందని నా అనుమానం.

ఇప్పటికే ఈ పరీక్ష రాసిన పిల్లలున్నవాళ్లు, టీచర్లు కాస్త చెప్పండి. అర్థం బదులు కార్డు మీద పూర్తి వాక్యం రాయిస్తే మేలా? రోజుకి ఎన్ని కొత్త మాటలైతే నిలుస్తాయి? నవలంటే ఆమడ దూరం పారిపోతాడు, బాస్కెట్‌బాల్ మీద పెద్ద వ్యాసాలు మాత్రం వదలకుండా చదువుతాడు, వాటితో నెట్టుకురావచ్చా, లేక సైన్స్, చరిత్ర వ్యాసాలు కూడా చదివించాల్సిందేనా?